బొట్టు నిలవని కారు

రాజమహేంద్రవరం చరిత్ర రాసినవాళ్ళు రాజుల్ని వదల్లేదు, వంతెనల్ని వదల్లేదు, వరదల్ని సంవత్సరాలతో సహా ఎక్కించారు. భాస్కరం గారి “హా”ను మాత్రం ఒక్కరూ పట్టించుకోలేదు. ఈ లోపాన్ని ఎవరో ఒకరు సవరించక తప్పదు.

“హా” అంటే నిట్టూర్పు కాదు. ఏదైనా వస్తువు మెరవవలసినంత మెరవడం లేదని అనుమానం తగిలినప్పుడు భాస్కరం గారు దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుని, నోరు గుండ్రంగా తెరిచి, పొట్టలోంచి వెచ్చటి ఊపిరి ఒకటి దాని మీదికి వదులుతారు. ఆవిరి ఆరేలోగా పంచె చెంగుతో తుడుస్తారు. తరవాత తల ఒక పక్కకి వంచి, వస్తువును వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూస్తారు. అందులో తన మొహం కనిపిస్తే ఆనాటికి శాంతి. కనిపించకపోతే మళ్ళీ “హా”.

ఈ అలవాటు పుట్టుక మీద ఇంట్లో రెండు వాదాలున్నాయి. చిన్నప్పుడు కళ్ళజోడు వచ్చిన రోజున మొదలైందని అక్కగారు సుబ్బాయమ్మ గారు అంటారు. పుట్టుకతోనే ఉంది, కళ్ళజోడు వచ్చాక బయటపడిందని భార్య హైమ అంటుంది. ఆధారాలు హైమ వైపే ఎక్కువ. పెళ్ళిచూపుల్లో కాఫీ అందించిన అమ్మాయి వంక ఒకసారీ, కాఫీ గ్లాసు అంచు వంక మూడుసార్లూ చూసిన మనిషి ఆయన. తాగడం అయ్యాక గ్లాసు మీద “హా” అని, జేబురుమాలుతో తుడిచి మరీ తిరిగి ఇచ్చారు. “మా ఇంట్లో గ్లాసులు సరిగ్గా తోమరని పెళ్ళి తప్పిపోతుందనుకున్నానండీ,” అని హైమ ఇప్పటికీ చెబుతుంది.

డిగ్రీ కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పే ఉద్యోగం రావడంతో ఈ విద్యకు రాజాశ్రయం దొరికినట్టయింది. గాజు గొట్టాలు, గాజు సీసాలు, గాజు బీరువాలు. పిల్లలు ఆయనకి “హా మాస్టారు” అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. పేరు పలకగానే పిల్లల నోళ్ళు గుండ్రంగా తెరుచుకోవడం చూసి, ఉచ్చారణ సరిగ్గానే ఉందని సంతోషించేవారు.

ఆ తరవాతి ఘట్టం స్కూటరు. అది ఎన్నేళ్ళు ఆయన దగ్గర ఉందో అన్నేళ్ళూ షోరూం నుంచి ఆ పూటే దించినట్టు ఉండేది. లోపల ఇంజను మాత్రం ఎప్పుడో శాంతించింది. “మాస్టారూ, బండిని అద్దాల బీరువాలో పెట్టుకుంటే చాలా బాగుంటదండి. తొక్కాలంటేనే కష్టం,” అని మెకానిక్కు చెబితే, ఆయన మొదటి సగం మాత్రమే విన్నారు.

ఇలాంటి మనిషి ఇంటికి కొత్త కారు వచ్చింది.

కారు కొనడానికి కారణం హైమ మోకాళ్ళు. పోయినేడు రెండింటికీ ఆపరేషన్ అయింది. ఆటోలు ఎక్కద్దు, బస్సు మెట్ల జోలికి అసలు పోవద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆపరేషన్‌కి ముందు హైమ, లేచి నడిస్తే అన్నవరం వస్తానని సత్యనారాయణస్వామికి మొక్కుకుంది. లేచింది, నడుస్తోంది. ఇక వెళ్ళాలి. అంచేత ముత్యపు తెలుపు రంగు కారు ఒకటి వచ్చింది. ఈ కారణం మొత్తం కారు వచ్చిన మర్నాటికే భాస్కరం గారికి గుర్తు లేకుండా పోయింది.

మరుపుకు కారణం లేకపోలేదు. తాళాలు ఇచ్చేముందు షోరూం కుర్రాడు, కుర్చీ మీద పడున్న పొడిగుడ్డ ఒకటి తీసి, బానెట్టు మీద ఆప్యాయంగా రుద్దాడు. ఆ క్షణాన భాస్కరం గారు రిబ్బను కత్తిరిస్తూ ఉన్నందువల్ల ఆపలేకపోయారు. ఇంటికొచ్చి, ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూస్తే, తెల్లటి బానెట్టు మీద సాలెపురుగు రాత్రంతా పనిచేసి వెళ్ళినట్టు సన్నటి గుండ్రటి గీతలు. ఆయన మెట్టు మీద కూర్చుండిపోయారు.

“ఏమైందండీ?” అని హైమ వరండాలోంచి అడిగింది.

“గీతలు.”

“ఎక్కడ?”

“ఇక్కడ, ఇదిగో. ఇలా వంగి, ఎడమ కన్ను మూసి చూడు.”

“నేను వంగకూడదు కదండీ.”

ఆవిడకి గీతలు కనపడలేదు. ఆయనకి మరేమీ కనపడలేదు.

దానికితోడు మూఢం వచ్చిపడింది. స్వామి దగ్గర బండిపూజ చేయించాకే కారెక్కుతానని హైమ ముందే చెప్పింది. మూఢంలో పూజేమిటని సుబ్బాయమ్మ గారు తీర్పు ఇచ్చారు. ఈ రెండు మాటల మధ్య దొరికిన తీరుబడి అంతా భాస్కరం గారి సొంతం. ఇరవయ్యో శతాబ్దంలో మొదలైన ఆయన సాధనకి అసలైన పరీక్ష అప్పుడు వచ్చింది.

యంత్రం పెట్టి రుద్దించడం ఆయనకి గిట్టదు. చేత్తోనే చెయ్యాలి. చేతికి తెలిసినట్టు యంత్రానికి తెలియదని ఆయన సిద్ధాంతం. పొద్దున్నే వాచీ, ఉంగరం తీసి గూట్లో పెట్టేవారు. చొక్కా గుండీలు గీసుకుంటాయని బనీనుతోనే పనిలో దిగేవారు. సబ్బు నీళ్ళకి ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్టు. కింద పడిన గుడ్డ మళ్ళీ కారు మొహం చూడకూడదు. ముందు మెత్తటి పాలిష్‌తో గీతల్ని అరగదీశారు. ఆ తరవాత మైనం. చిన్న స్పాంజి బిళ్ళతో, అరచేయంత జాగాలో, గుండ్రంగా, ఉందా లేదా అన్నంత పల్చగా రాయడం. అది మసక తేలేదాకా ఆగడం. అప్పుడు నాన్నగారి నాటి పాత పంచె, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది, దాంతో తుడవడం. తుడిచాక “హా”. ఒక పూత ఆరాక మీద ఇంకో పూత.

ఈ కాలమంతా హైమ వరండాలో, డాక్టరు చెప్పిన ప్రకారం, ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ ఉండేది. కారెక్కవలసిన మనిషి నడుస్తోంది, నడవవలసిన కారు కదలడం లేదు.

ఆఖరి పూత అయిన రోజున ఆయన భార్యను గేటు దగ్గరికి పిలిచి, చెంబుడు నీళ్ళు బానెట్టు మీద పోశారు. నీళ్ళు నిలవలేదు. ముత్యాలై, ఒకదాన్నొకటి తోసుకుంటూ జారి, నేల మీద పడ్డాయి. బానెట్టు పొడిగా నిలబడింది.

“చూశావా?”

“అంటే ఇక దీని మీద ఏదీ నిలవదా?” అంది హైమ.

“ఏదీ నిలవదు,” అన్నారు భాస్కరం గారు, జీవితంలో ఏదో సాధించినవాళ్ళు మాట్లాడే గొంతుతో.

మూఢం వెళ్ళింది. మంచిరోజు చూసి బయల్దేరారు. పూజ కాని కారులో ఆడవాళ్ళు ఎక్కరు కనుక, హైమ, సుబ్బాయమ్మ గారు ఒక టాక్సీలో, కొత్త కారు దాని వెనక. తిరుగు ప్రయాణం మాత్రం అందరూ కొత్త కారులోనే. కొత్త కారు నడిపింది సుబ్బాయమ్మ గారి అబ్బాయి గణేష్‌బాబు. మందుల కంపెనీలో పని, రోజంతా రోడ్డు మీదే ఉంటాడు, నోరు కూడా రోడ్డులాగే ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

“ఆ ఇసక లారీకి దూరంగా పోనీ,” అన్నారు భాస్కరం గారు రాజానగరం దాటాక.

“అలాగే మావయ్యా.”

“ఇంకొంచెం దూరంగా.”

“ఇంకొంచెం దూరమంటే మనం ఇంటికి వెళ్ళిపోవాలి మావయ్యా.”

జగ్గంపేట దగ్గర టీ తాగుదామని గణేష్‌బాబు చెట్టు నీడన ఆపబోయాడు. చెట్టు మీద కాకులున్నాయి. భాస్కరం గారు ఆపనివ్వలేదు. ఎండలో ఆపనిచ్చారు. వాళ్ళు అన్నవరం చేరేసరికి టాక్సీ ఎప్పుడో చేరింది, డబ్బులు తీసుకుని, ఇంకో బేరం చూసుకుని వెళ్ళిపోయింది కూడా. కొండ కింద, పూల కొట్టావిడ వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది హైమ. పట్టుచీర కట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, దూరం నుంచి వస్తున్న తెల్ల కారును చూసి చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు భాస్కరం గారు చూడలేదు. పక్కన ఆగిన ట్రాక్టరు ఎంత దుమ్ము లేపిందో చూస్తున్నారు.

పూజకి బళ్ళు వరసలో ఉన్నాయి. ముందు ట్రాక్టరు, దాని వెనక ఆటో, ఆ వెనక వీళ్ళ కారు. పూజారి గారు ట్రాక్టరుకి అరచేతి నిండా పసుపు ముద్ద తీసి దట్టంగా స్వస్తిక్ వేసి, మీద కుంకం అద్ది, చుట్టూ గంధం జల్లారు. అది చూస్తుంటే భాస్కరం గారికి ఒళ్ళు జలదరించింది. కొత్త ట్రాక్టరు, ఎర్రటి రంగు, మీద పసుపు. ఆసామి దండం పెట్టుకుని నవ్వుతున్నాడు. లోకంలో ఇలాంటి ధైర్యవంతులు ఉన్నారని ఆయనకి అంతవరకూ తెలియదు.

తమ వంతు రాగానే పక్కకి వెళ్ళి మెల్లిగా అన్నారు. “పూజారి గారూ, బొట్టు కొంచెం చిన్నదిగా పెడితే చాలండి. వీలైతే అద్దం మీద.”

“అద్దం మీదెందుకు మాస్టారూ? బొట్టు పెట్టేది మొహానికి కదండీ,” అని పూజారి గారు బానెట్టును ఆప్యాయంగా తట్టారు. ఆయన అరచేతికి ఇందాకటి పసుపు ఉంది. భాస్కరం గారు కళ్ళు మూసుకున్నారు.

కళ్ళు తెరిచేసరికి సుబ్బాయమ్మ గారు కొబ్బరికాయ, అరటిపళ్ళు ఉన్న ఇత్తడి పళ్ళాన్ని బానెట్టు మీద పెట్టబోతున్నారు. ఆయన ఒక్క అంగలో వెళ్ళి గాల్లోనే అందుకున్నారు.

“ఏంటిరా భాస్కరం?”

“బరువు కదక్కా. నేను పట్టుకుంటాను.”

“పళ్ళానికి మావయ్యే పీట అనుకో అమ్మా,” అన్నాడు గణేష్‌బాబు.

అలా పళ్ళెం పట్టుకుని, చేతులు ఖాళీ లేని స్థితిలో, భాస్కరం గారు ఆ తరవాత జరిగినదానికి సాక్షి అయ్యారు.

పూజారి గారు సంకల్పం చెప్పారు. పేర్లు, గోత్రం చెప్పించారు. పసుపులో నీళ్ళు కలిపి, ఉంగరపు వేలితో బానెట్టు మీద నిలువుగా ఒక గీత గీశారు. గీత పడింది. పడి, ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగింది. ఆ తరవాత మధ్యలోంచి విడిపోయింది. విడిపోయిన ముక్కలు గుండ్రటి బొట్లయ్యాయి. బొట్లు నెమ్మదిగా, ఎవరి దారిన వాళ్ళు, కిందికి బయల్దేరాయి.

పూజారి గారు వేలు ఎత్తి చూసుకున్నారు. మళ్ళీ గీశారు. మళ్ళీ అదే. ఈసారి నీళ్ళు తగ్గించి, ముద్దగా తీసి అద్దారు. ముద్ద అతుక్కున్నట్టే కనిపించింది. ఆయన మీద కుంకం పెట్టారు. కుంకం బరువుకి ముద్ద మొత్తం, బొట్టుతో సహా, ఊరేగింపు కదిలినట్టు కదిలింది. అంచుదాకా జారి, పూజారి గారి పాదం మీద పడింది. బానెట్టు మీద మరక కూడా మిగల్లేదు. తెల్లగా, బోసిగా, ఎండలో మెరుస్తోంది.

మంత్రం మధ్యలో ఆగిపోయింది. పూల కొట్టావిడ దారం పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. వెళ్ళిపోబోతున్న ట్రాక్టరు ఆసామి ఇంజను ఆపి దిగాడు.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఆ నిశ్శబ్దంలో భాస్కరం గారి గుండెలో మొట్టమొదట పుట్టింది భయం కాదు, గర్వం. అంత చక్కటి ముత్యాలు ఆయన చెంబుతో పోసినప్పుడు కూడా కట్టలేదు. ఆ గర్వం రెప్పపాటు కాలం ఉంది. ఆ తరవాత ఆయన హైమ మొహం చూశారు. ఆ మొహంలో రక్తం లేదు.

“ముప్ఫయ్యేళ్ళుగా పెడుతున్నానండి బొట్లు,” అన్నారు పూజారి గారు పాదం వైపు చూసుకుంటూ. “ఎప్పుడూ ఇలా అవలేదు.”

“ఏంటండీ ఇది, నిలవనంటంది?” అన్నాడు ట్రాక్టరు ఆసామి. “తీసుకున్న చోటే వెనక్కి ఇచ్చేస్తే పుచ్చుకుంటారేమో కనుక్కోండి.”

సుబ్బాయమ్మ గారు ఏమీ అనలేదు. కొంగు భుజం మీదుగా కప్పుకుని, కారు నుంచి నాలుగడుగులు వెనక్కి వేశారు. ఆవిడ మాట్లాడితే ఇంట్లో వాళ్ళు భయపడతారు. మాట్లాడకపోవడం ఎవరూ ఇంతవరకూ చూడలేదు.

“కంగారు పడకండి,” అన్నారు భాస్కరం గారు. పళ్ళెం ఇంకా చేతుల్లోనే ఉంది. “దీనికి కారణం ఉంది. మైనం. నేను మైనం రాశాను. మైనానికీ నీళ్ళకీ పడదు. నీటి కణాలు మైనాన్ని అంటుకోవడం కంటే ఒకదాన్నొకటి అంటుకోవడానికే ఇష్టపడతాయి. అంచేత చుక్క కట్టి జారిపోతాయి. తామరాకు మీద నీళ్ళు చూడండి...”

ముప్ఫయ్యేళ్ళ అధ్యాపక జీవితంలో ఆయన ఇంత స్పష్టంగా ఈ పాఠం చెప్పలేదు. ఇంత శ్రద్ధగా ఏ తరగతీ వినలేదు. కానీ పాఠం అయ్యాక ఒక్క మొహంలోనూ ఊరట కనపడలేదు. అది ఆయనకి రెండో దెబ్బ. కారణం తెలిస్తే భయం పోతుందని ఆయన చిన్నప్పటి నుంచి నమ్ముతూ వచ్చారు.

“అంటే,” అన్నారు సుబ్బాయమ్మ గారు నెమ్మదిగా, “ఇది దానంతట అది నిలవకపోవడం కాదన్నమాట. నిలవకుండా నువ్వు చేశావు.”

“బొట్టు నిలవకూడదని కాదక్కా. దుమ్ము, వాన నీళ్ళు, పిట్ట రెట్ట...”

“పిట్ట రెట్టా, స్వామి బొట్టూ ఒకటేనా నీకు?”

“మైనానికి తేడా తెలీదక్కా.”

“రాసేవాడికి తెలియద్దుట్రా?”

ట్రాక్టరు ఆసామి తల ఊపాడు.

“ఎలా వచ్చిందో అలాగే పోనీ ఇంటికి. నేను మటుకు బొట్టు లేని బండెక్కను,” అన్నారు సుబ్బాయమ్మ గారు. “పదమ్మా హైమా, బస్సుకి పోదాం.”

భాస్కరం గారు భార్య వంక చూశారు. ‘మీ మాటలకేం లెండి వదినగారూ, ఎక్కేద్దాం’ అంటుందని ఆయన ఆశ. ముప్ఫయ్యేళ్ళుగా ఇలాంటి చిక్కులన్నీ ఆవిడ అలాగే విప్పుతూ వచ్చింది. హైమ అలా అనలేదు. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లిగా లేచింది. ఒక మోకాలు, ఆగి రెండో మోకాలు. కారు వంక కాసేపు చూసింది. కొన్నాళ్ళుగా వరండాలో నడుస్తూ చూసిన చూపే అది.

“బస్సు స్టాండు ఎంత దూరం గణేష్?” అంది.

బస్సుకి మెట్లుంటాయి. మొదటి మెట్టు నేలకి ఎంత ఎత్తులో ఉంటుందో భాస్కరం గారికి తెలుసు. ఈ కారు ఎందుకు కొన్నారో, కొన్న మర్నాడు మరిచిపోయింది, అక్కడ, కొండ కింద, ఎండలో, చేతుల్లో అరటిపళ్ళతో, ఆయనకి ఉన్నట్టుండి గుర్తొచ్చింది.

“హైమా,” అన్నారు.

“మీరే చెప్పారు కదండీ, దీని మీద ఏదీ నిలవదని,” అంది ఆవిడ. కోపంగా కాదు. “నేనూ ఎక్కలేదు.”

ఆయన పళ్ళెం తీసుకెళ్ళి బానెట్టు మీద పెట్టారు. ఇత్తడి అంచు రంగు మీద గీరుకున్న చప్పుడు అందరికీ వినపడింది. ఆయనకీ వినపడింది.

“తీసేస్తాను,” అన్నారు. “మైనం తీసేస్తాను. బొట్టు పెట్టే చోట.”

“ఎలా తీస్తారండీ?” అన్నారు పూజారి గారు, పాదం దులుపుకుంటూ.

దేంతో తీయాలో ఆయనకి తెలుసు, కానీ అవేవీ దగ్గర లేవు. హైమ చేతిసంచీ తెరిచి వెతికింది. ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రి నుంచి వచ్చిన అలవాటు, ఆవిడ సంచీలో చేతులు రుద్దుకునే శానిటైజరు సీసా ఎప్పుడూ ఉంటుంది. తీసి ఇచ్చింది.

“మీరు రాశారు. మీరే తీయండి.”

సీసా మీద రాసింది ఆయన చదివారు. అందులో ఉన్నది ఆల్కహాలు. అది మైనాన్ని లేపుతుంది, నిజమే. కానీ పసుపు సంగతి ఆయన ఏటా పిల్లలకి చేసి చూపిస్తారు. నీళ్ళలో కరగని పసుపు రంగు ఆల్కహాలులో చక్కగా కరుగుతుంది. కరిగిందంటే ఎక్కడ పడితే అక్కడ ఇంకుతుంది. కవచం ఒలిచి, తడి ఆరని తెల్లరంగు మీద పసుపు ముద్ద పెట్టడమంటే బొట్టు పెట్టడం కాదు, అద్దకం వేయడం. ఈ పాఠం అక్కడ ఎవరికీ చెప్పలేదాయన. ఆ పూట ఆయన చెప్పకుండా మింగిన ఒకే ఒక్క పాఠం అది.

ఉంగరం తీసి జేబులో వేసుకున్నారు. వాచీ తీశారు. కారులోంచి నాన్నగారి పంచె ముక్క తెచ్చారు. శానిటైజరు పోసి, అరచేయంత జాగాలో, గుండ్రంగా, రాసిన తీరులోనే రుద్దడం మొదలుపెట్టారు. పూత మీద పూత రాసింది, పూత వెనక పూతగా వస్తోంది. చుట్టూ మనుషులు నిలబడి చూస్తున్నారు. ట్రాక్టరు ఆసామి నీడ పడకుండా పక్కకి జరిగాడు. రుద్దడం అయ్యాక వంగి, అలవాటు చొప్పున, నోరు గుండ్రంగా తెరిచి “హా” అన్నారు. ఆ చోట ఆవిరి మసకగా నిలబడింది. చుట్టూ నిలబడలేదు.

“కానివ్వండి,” అన్నారు పూజారి గారితో.

పూజారి గారు భయం భయంగా వేలు పెట్టారు. గీత పడింది. పడినచోట పడినట్టు ఉంది. అడ్డగీత వేశారు. చేతులు తిప్పారు, చుక్కలు పెట్టారు, కుంకం అద్దారు. దేనికీ చలనం లేదు.

“చూశారా మాస్టారూ, ఎలా అతుక్కుపోయిందో.”

“అతుక్కుపోయిందండి,” అన్నారు భాస్కరం గారు. పసుపు అంచు చుట్టూ తెల్లరంగులోకి సన్నగా పాకుతున్న పచ్చటి చారని ఆయన ఒక్కరే చూస్తున్నారు.

చక్రాల కింద నిమ్మకాయలు చిట్లాయి. కొబ్బరికాయ పగిలింది. సుబ్బాయమ్మ గారు రెండు చేతులూ జోడించి, ఎక్కువ కాలం మౌనంగా ఉన్నందుకు పరిహారమన్నట్టు ఆపకుండా మాట్లాడుతూ ముందు సీట్లో ఎక్కారు. హైమ వెనక తలుపు తీసి, ముందు కూర్చుని, తరవాత కాళ్ళు రెండూ ఒక్కసారి లోపలికి తిప్పుకుంది. డాక్టరు నేర్పిన పద్ధతి. ఇంటి దగ్గర కుర్చీ మీద ఎన్నోసార్లు సాధన చేసింది.

కారు కొండ మీదికి వెళ్ళింది, దర్శనం అయింది, ప్రసాదం తిన్నారు. తిన్న చేతులతోనే అందరూ తలుపులు తీశారు. నెయ్యి వేళ్ళ ముద్రలు నాలుగు తలుపుల మీదా పడ్డాయి. దారిలో హైమ కిటికీలోంచి పొలాల వంక చూస్తూ, “మెత్తగా వెళ్తోందండీ,” అంది. “ఊఁ,” అన్నారు ఆయన. ఇసక లారీ ఒకటి ముందు పోతోంది. దూరంగా పోనిమ్మని ఆయన అనలేదు. గణేష్‌బాబు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, మావయ్య ఒంట్లో బాగుందా లేదా అని.

మర్నాడు కారు కడిగితే అన్నీ పోయాయి, స్వస్తిక్ పోలేదు. పసుపు ముద్ద నీళ్ళలో కొట్టుకుపోయింది గానీ దాని కింద, తెల్లరంగులో, లేత పచ్చటి స్వస్తిక్ చేతులతో చుక్కలతో సహా ముద్ర పడి ఉంది. ఆయన సబ్బు పెట్టారు. “హా” అన్నారు. కదల్లేదు. పాలిష్ డబ్బా మూత తీసేసరికి, పక్క వీధిలోంచి సుబ్బాయమ్మ గారు రానే వచ్చారు.

“ఒరేయ్, ముట్టుకోకు,” అన్నారావిడ. “మొదట నిలవనని మొండికేసింది. ఇప్పుడు పోనని కూచుంది. చూశావా ఆయన లీల?”

పాలిష్ డబ్బా మూత పడింది. గీతలూ గుండ్రటి మరకలూ లేకుండా ఒక జీవితకాలం గడిపిన మనిషి, ఆ రోజు నుంచి, తన ఇంటి ముందున్న అతి పెద్ద మరకకి కాపలాదారు అయ్యారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి చూశారు. బొట్టు ఎలా జారిందో, పూజారి గారు ఎలా నిర్ఘాంతపోయారో, నాలుగోసారికి ఎలా కారు ఒంట్లోకే ఇంకిపోయిందో సుబ్బాయమ్మ గారు చెప్పారు. శానిటైజరు మాట ఆవిడ కథలో రోజురోజుకీ చిన్నదవుతూ వచ్చి ఒకనాటికి మాయమైంది. మందారపువ్వు ఒకటి రోజూ బానెట్టు మీదికి వచ్చేది. స్వామి ముద్రని ముసుగు కింద దాస్తావా అని ఆవిడ అడిగాక, కారు కప్పే గుడ్డ మడతపెట్టి అటక మీద పెట్టేశారు. కారు ఎండలోనే నిలబడేది. గణేష్‌బాబు తీరుబడి దొరికినప్పుడల్లా వచ్చి హైమని కూరగాయల బజారుకీ, నిడదవోలులో చెల్లెలు గారింటికీ, మోకాళ్ళ డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళేవాడు. తరవాత భాస్కరం గారే నడపడం నేర్చుకున్నారు. చాలా ఇళ్ళ ముందు, చాలా చెట్ల కింద ఆపారు.

ఎండలు ముదిరాయి. అన్నవరం వెళ్ళొచ్చి నెల దాటింది. బొట్టు నిలిచిన కారును చూడటానికి సామర్లకోట నుంచి ఎవరో దూరపు బంధువులు వస్తున్నారని కబురొస్తే, సుబ్బాయమ్మ గారు పొద్దున్నే పువ్వు పట్టుకుని వచ్చారు. బానెట్టు ముందు నిలబడి, ఇటు చూశారు, అటు చూశారు. తమ్ముణ్ణి పిలిచారు. భాస్కరం గారు వచ్చి, వంగి, ఎడమ కన్ను మూసి చూశారు. నోరు గుండ్రంగా తెరిచి “హా” అని, తుడిచి, తల పక్కకి వంచి మళ్ళీ చూశారు. అక్కా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

బానెట్టు తెల్లగా ఉంది. పసుపు మరక ఎండలో పెడితే పోతుంది.